బొంత బొడ్డు

నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలు ఇప్పుడు శంషాబాద్‌లోనూ, బాలాపూర్ వైపూ సొంతంగా బొంతలు కుడుతున్నారు. వాళ్ళు ఏ కొత్త బొంత కుట్టినా సరిగ్గా నడుమ గుడ్డతో ఒక చిన్న గడ్డ పెట్టి, దాని చుట్టూ నాలుగు వరుసల కుట్టు వేస్తారు. దాన్ని బొడ్డు అంటారు. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే "పాత ఆనవాయితీ" అని గంభీరంగా చెబుతారు. మొన్న ఒక పిల్ల అయితే వెయ్యేళ్ళ నాటిదని చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడానికి చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

అది వెయ్యేళ్ళ నాటిది కాదు. నేనాడిన ఒక అబద్ధం.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. కళ్ళకు పొర కమ్మి సూది పక్కన పెట్టాక, కొత్తగా వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టమని అందరూ వెంటబడ్డారు. రాయాలంటే ముందు ఆ అబద్ధం గురించే రాయాలనిపించింది. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. అడగవలసిన మనిషిని అడిగాకే రాస్తున్నాను.

ఖాలా అరుగు

మాది శంషాబాద్ పక్కన ఒక పల్లె. బోరు ఎండిపోయి, సేద్యం వదిలేసి నేనూ మా ఆయనా పట్నం దారి పట్టాం. ఆయన లారీ మీద క్లీనర్‌గా కుదిరాడు. మేము కిరాయికి దిగిన గది ఖైరున్‌ది. పిన్ని అన్నట్టు వీధంతా ఆమెను ఖాలా అని పిలిచేది. ఆమె భర్త పోయాక అరుగు మీద కూర్చుని బొంతలు కుడుతూ ముగ్గురు పిల్లల్ని పెంచింది. పొద్దంతా ఖాళీగా కూర్చోలేక ఒకరోజు నేనూ ఒక సూది తీసుకున్నాను.

"అరె బాలమణీ! సూదిని గట్ల పట్టుకుంటరా? కోడిని పట్టుకున్నట్టు పట్టినవ్," అంది ఖాలా.

అదే నా మొదటి పాఠం. మొదటి రెండు నెలలు నాచేత కుట్టించనే లేదు. పాత బొంతలు ఉతికించింది, ఆరబెట్టించింది, కళ్ళు మూసుకుని చేత్తో తడిమి ఎన్ని పొరలున్నాయో చెప్పమంది. తప్పు చెబితే వేళ్ళ మీద కొలబద్దతో ఒక్కటి వేసేది. నాకు మహా కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా బొంత తెచ్చి నా ఒళ్ళో పెడితే, విప్పకుండానే ఎన్ని చీరలున్నాయో, ఏది ముందు పోతుందో చెబుతాను. చూపు మసకబారినా ఆ విద్య పోలేదు.

నేను సొంతంగా బాగు చేసిన మొదటి బొంత మామిడిపల్లి రైతు ఒకాయనది. గట్టిగా ఉంటుందని నైలాన్ దారంతో కుట్టాను. తళతళ మెరిసింది. ఆయన మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయాను. ఒక్క వానాకాలం గడిచేసరికి ఆ దారం పాత బట్టను బ్లేడులా కోసేసింది. కుట్టు కుట్టులాగే ఉంది, బట్టే లేదు. ఖాలా నా చేత కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పించింది. ఐదు రోజులు పట్టింది.

"దారం తెగితే మల్ల కుట్టుకోవచ్చు. బట్ట తెగితే దేన్ని కుడ్తవ్?" అంది చివరికి.

కాబట్టి పిల్లలూ, దారం ఎప్పుడూ బట్టకంటే మెత్తగా ఉండాలి. తెగాల్సి వస్తే అదే తెగాలి. అలాగే కొత్త బట్టను మూడుసార్లు ఉతక్కుండా పాత బొంత మీద అతుకు వేయకండి. మొదటి ఉతుకులో కొత్తది కుంచించుకుపోయి పాతదాన్ని గుంజి చింపేస్తుంది. ఈ రెండూ చేతిపని మాటలు. ఎవరైనా నేర్పగలరు. ఖాలా చెప్పిన మూడో మాట మాత్రం నేను విన్నాను గానీ నేర్చుకోలేదు.

ఒకసారి ఒకాయన వాళ్ళమ్మ బొంత తెచ్చాడు. పైనున్న అతుకులన్నీ తీసేసి ఒకే రంగు బట్ట వేయమన్నాడు. ఖాలా సరే అని, ఆయన పోగానే చెప్పులేసుకుని వాళ్ళింటికి బయలుదేరింది. నేనూ వెళ్ళాను. మంచంలో ఉన్న ఆ ముసలామె, "రంగుదేముందమ్మా, కాళ్ళు సల్లగైతున్నయ్. జర పొడుగు చెయ్యి," అంది. ఖాలా రంగు జోలికి పోకుండా కాళ్ళ వైపు మూరెడు పెంచి ఇచ్చింది. కొడుకు మొహం మాడ్చుకున్నాడు. ముసలామె కాళ్ళు ముడుచుకోకుండా పడుకుంది.

దారిలో ఖాలా అంది: "బొంత తెచ్చినోల్లది కాదు బేటీ, కప్పుకునేటోల్లది. తెచ్చినోల్లు వంద చెప్తరు. కప్పుకునేటోల్లను అడుగు."

పాతగా కనిపించే బొంత

ఖాలా పోయాక అదే వీధిలో చిన్న షెటర్ తీసుకుని దుకాణం పెట్టాను. అప్పటికి విమానాశ్రయం వచ్చేసింది. మా నెత్తి మీంచి విమానం పోతున్నంతసేపు మాట ఆపేసి, పోయాక ఆపిన చోటనుంచి మళ్ళీ అందుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు. కొత్తగా వచ్చినవాళ్ళకే తెలియదు.

అలా కొత్తగా వచ్చిన ఒకామె, కోస్తా వైపు మనిషి, కారు దిగి వచ్చింది. "ఏవండీ, మా గెస్ట్‌రూమ్‌కి ఒక బొంత కావాలండీ. కొత్త బట్టే వాడండి, కానీ చూడ్డానికి పాతదిలా ఉండాలి. అక్కడక్కడా చిరుగులు పడ్డట్టు కుట్టిస్తారా?" అంది. ఆ తర్వాత విమానం వచ్చింది. ఆమె మాట ఆపలేదు, నాకు సగం వినపడలేదు. వినపడ్డ సగమే చాలనిపించింది.

"అమ్మా, కొత్తది ఇస్తా. పాతగ కావాల్నంటే ఇరవై ఏండ్లు కప్పుకోవాలె," అన్నాను.

ఆమె నవ్వేసి కొత్తదే కుట్టించుకుంది. మంచి మనిషే. ఇప్పటికీ పండక్కి మిఠాయి పంపుతుంది. కానీ చిరుగును అబద్ధంగా కుట్టనని ఆ రోజు నేను చాలా గొప్పగా అనుకున్నాను. మనిషికి తన గొప్ప తలకెక్కితే ఎక్కడో కాలు జారుతుంది. ఆ మరుసటి నెలలోనే నేను జారాను.

రజిత తెచ్చిన బొంత

రజితది మామిడిపల్లి. విమానాశ్రయంలో ట్రాలీలు సర్దే పని చేసేది. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఇంకా నెల రోజులుందనగా ఒక బొంత మోసుకొచ్చింది. వాళ్ళింట్లో పుట్టిన ప్రతి బిడ్డనీ మొదట పడుకోబెట్టేది దాని మీదేనట. కాన్పైన ప్రతి ఆడమనిషీ తన చీర ఒకటి పొరగా కలపాలి, అది వాళ్ళింటి రివాజు. అందుకే అది గోడలా మందంగా ఉంది. అంచులు పీలికలయ్యాయి, ఒక మూల ఎలుక కొట్టింది, మాగిన వాసన వేస్తోంది.

"అక్కా, మంచిగ చేసియ్యి. మా నాయినమ్మ దీని మీదనే పండుకుంటది. ఇగ పిల్ల పుడితే పిల్లకిస్తదంట," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బొంత నడుమ పెట్టింది. "గిక్కడ చూడు. గడ్డ లెక్క తగులుతున్నది. పసిపిల్లకు ఒత్తుకుంటది. తీసెయ్యి."

రేగుపండంత గడ్డ. నాకూ తగిలింది. సరే తీసేస్తానన్నాను.

ఇక్కడే ఆగి నాయనమ్మను అడగాల్సింది. మామిడిపల్లి ఎంతో దూరం కాదు. ఆటో ఎక్కితే సరిపోయేది. కడుపుతో ఉన్న పిల్ల స్వయంగా వచ్చి చెబుతుంటే ఇంక ఎవర్ని అడగాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇంత పేరున్నదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను.

బొంత ఒక పక్క విప్పాను. నడిమి పొరలు రెండు పూర్తిగా చివికిపోయాయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. వాటి మధ్య మడతలు మడతలుగా చుట్టి, చుట్టూ ముతక దారంతో కుట్టేసిన గుడ్డ ముద్ద ఒకటి ఉంది. కావాలని కుట్టిందని ఆ కుట్టే చెబుతోంది. అది చూసి కూడా నేను ఆలోచించలేదు. పొరల్నీ, ముద్దనీ పేలికల సంచిలో పడేశాను. ఉతికిన మెత్తటి బట్ట పరిచి, మళ్ళీ కుట్టి, ఎండబెట్టి ఇచ్చాను. రజిత చేత్తో నిమిరి, "ఎంత సాపుగయిందక్కా!" అని మురిసిపోయింది.

మూడో రోజు పొద్దున్నే షెటర్ ఎత్తేసరికి మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన సంచిలో అదే బొంత. నాయనమ్మ నర్సవ్వ. ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చూపు అంతంత మాత్రమే.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బిడ్డా, లోపట ఉన్నది ఏంజేసినవ్?" అంది.

"మాగిపోయిందవ్వా. పడేసిన."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "యాడ పడేసినవో చెప్పు. నేనే ఏరుకుంట," అంది.

పేలికల సంచులన్నీ మైలార్‌దేవ్‌పల్లి దగ్గర లారీలు బాగుచేసే సత్తార్ భాయ్ షెడ్డుకు పోతాయి. చేతులు, ఇంజన్లు తుడుచుకోవడానికి వాళ్ళు వాడతారు. ఆ సంచి ముందు రోజే పోయింది.

నూనె డబ్బా

ఇద్దరం వెళ్ళాం. దారంతా ఆమె ఆ గడ్డ ఏమిటో చెప్పలేదు, నేను అడగలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆ రోజు నేను పట్టుకున్నవన్నీ ఆకులే.

"సంచి నిన్ననే విప్పినం అక్కా. సగం అయిపోయింది. పరేషాన్ గాకు, మిగిలింది చూస్కోండ్రి," అని సత్తార్ భాయ్ ఒక పాత టైరు మీద నర్సవ్వను కూర్చోబెట్టాడు. సంచి ఆమె ముందు గుమ్మరించాడు. ఆమె ఒక్కొక్క పేలికా వేళ్ళతో తడిమి పక్కన పెట్టింది. తన చీర ముక్కలు నాలుగు దొరికాయి. ముద్ద దొరకలేదు. నల్లగా నూనె పీల్చి మూలన పడున్న పేలికలూ తెచ్చి ఇచ్చాడు. వాటిలోనూ లేదు. ఆమె చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

"ఏం పోయిందవ్వా? పైసలా?" అన్నాడు సత్తార్ భాయ్.

"కాదు బిడ్డా. గింతంత గుడ్డ. చుట్టి కుట్టింది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి లోపలికి పోయాడు. గేర్ ఆయిల్ డబ్బా ఎత్తుకొచ్చాడు. దాని మూత ఎప్పుడో పోయింది. మూతికి బిరడాలా దిగ్గొట్టి ఉంది ఆ ముద్ద. "సైజు సరిపోయింది, గట్టిగున్నది అని పెట్టిన అవ్వా," అన్నాడు నేలకేసి చూస్తూ. లాగి, తన అంగీకి తుడిచి, రెండు చేతులా ఆమెకిచ్చాడు. అదేమిటో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఆమె దాన్ని రెండు అరచేతుల మధ్య మూసి పట్టుకుంది.

దుకాణానికి వచ్చాక ముద్ద మీద శనగపిండి అద్ది నూనె లాగించాను. కుంకుడు రసంలో నానబెట్టాను. కుట్టు విప్పబోతే నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పకు. పిల్ల టోపి అది," అంది.

తన తొలిచూలు ఆడపిల్లట. పురుడు కూడా తీరకుండానే పోయింది. ఇంట్లో వాళ్ళు గుడ్డలన్నీ తీసేస్తుంటే ఆ టోపీ ఒక్కటి రవికెలో దాచుకుంది. తర్వాత బొంతకు పొర కలిపేటప్పుడు అత్తకు తెలియకుండా నడుమ పెట్టి కుట్టేసింది. భర్తకు చెప్పలేదు, కొడుక్కు చెప్పలేదు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది అంటరు గద. ఎవరికి చెప్పుకోను? పండుకున్నప్పుడు చెయ్యి దాని మీద ఏసుకునేదాన్ని, గంతే," అంది.

దాచడమెందుకు, నాకు మొదట వచ్చిన ఆలోచన జాలి కాదు, భయం. పోయిన బిడ్డ టోపీని పుట్టబోయే బిడ్డ కింద పెడతామా? రజితకు తెలిస్తే నన్ను బతకనిస్తుందా? ఆ మాటే పైకి అన్నాను.

విమానం వచ్చింది. ఇద్దరం ఆగాం. అది పోయాక నర్సవ్వ అంది: "దీని మీద నా కొడుకు పండిండు. రజిత పండింది. అందరు మంచిగనే బతికిండ్రు గద. అది ఎవరికి ఏం జేసింది బిడ్డా? కావలున్నది, గంతే."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ రోజంతా నర్సవ్వ నా పక్కనే కూర్చుంది. బొంత విప్పి, దొరికిన నాలుగు చీర ముక్కలూ పరిచి, నడుమ ఆ ముద్ద పెట్టి కుట్టాను. నూనె మరక పూర్తిగా పోలేదు.

బొడ్డు

రెండు రోజుల తర్వాత రజిత ఆ బొంత పట్టుకుని వచ్చింది. అంచు కుట్టు ఊడితే నా దగ్గరికి తెచ్చానని నాయనమ్మ తనతో చెప్పిందట. "అక్కా, గడ్డ మల్ల ఉన్నదేంది? తీసేసినవ్ గదా?" అంది. దుకాణంలో పని నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలు తలెత్తి నా వైపు చూశారు.

"అది గడ్డ గాదే, బొడ్డు," అన్నాను. "ప్రతి పాత బొంతకు ఉంటది. పొరలన్ని దాన్నే పట్టుకుని ఉంటయ్. తీసేస్తే బొంత నిలవది. నేనే తెల్వక తీసిన, మల్ల పెట్టిన."

నా జన్మలో అంత నున్నగా అబద్ధమాడలేదు. రజిత నమ్మింది. ఆ ఇద్దరు పిల్లలూ నమ్మారు. మరుసటి వారం వాళ్ళు కుడుతున్న కొత్త బొంత నడుమ ఒక గుడ్డ ముక్క చుట్టి పెట్టారు. నేను చూసి కూడా నోరు మెదపలేదు. ఆనవాయితీ అలా పుట్టింది.

రజితకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుందని కబురు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఏదైనా జరగరానిది జరిగి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. ఆ తల్లికి చెప్పకుండా చేయడం ఒప్పు అని ఇప్పటికీ అనలేను. చెప్పి ఉంటే నర్సవ్వ ఏమైపోయేదో తలుచుకుంటే తప్పు అని కూడా అనలేను. నేను కచ్చితంగా తప్పు అనగలిగింది ఒక్కటే, మొదటి రోజు ఆటో ఎక్కకపోవడం. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు బొడ్డు పెట్టడం మానేయాలని నేననను. ఊరికే గుడ్డ ముక్క చుట్టి పెట్టకండి. కప్పుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏం పెట్టమంటారో అడగండి.

నా కళ్ళు మసకబారుతున్న రోజుల్లో రజిత మళ్ళీ వచ్చింది. నాలుగేళ్ళ కూతురు వెంట ఉంది. మళ్ళీ కడుపుతో ఉంది. నర్సవ్వ పోయి ఆరు నెలలైందని చెప్పింది. రెండో బిడ్డకు కొత్త బొంత కావాలంది.

"పాతదున్నది గదనే," అన్నాను.

"ఇది ఇస్తేనా!" అంది కూతుర్ని చూపించి. "బొడ్డు పట్టుకుంటెనే పండుకుంటది. ఉతుకుదామన్నా ఇయ్యదు."

నేను తల వంచుకుని బట్టలు సర్దుతున్నట్టు నటించాను.

"అక్కా, నాకు తెల్సు," అంది రజిత. "అవ్వ దవాఖానల ఉన్నప్పుడు అంత చెప్పింది. నూనె డబ్బ గూడ చెప్పింది. బొడ్డని ఎంత మంచిగ నమ్మించినవ్!"

కోప్పడుతుందేమోనని చూశాను. ఆమె సంచిలోంచి పాత చీర ముక్క ఒకటి తీసింది. నర్సవ్వ కట్టుకునే పసుపు పచ్చ చీరది. మడతలు మడతలుగా చుట్టి నా అరచేతిలో పెట్టింది. సూదిలో దారం ఎక్కించడం నావల్ల కాకపోతే తనే ఎక్కించి ఇచ్చింది. బట్ట మీద పరిచి మొదటి కుట్టు వేయబోతుంటే నా చేతిని కొంచెం ఆపింది.

"బాగ లోపటికి పోనియ్యకక్కా," అంది. "చేతికి తగలాలె."

తగిలేటట్టే కుట్టాను. అదే నేను కుట్టిన చివరి బొంత.